తవుడు లెక్క

కెల్ల తవుడు కాగితం
జిల్లా ఆఫీసులో ఒక్క చూపుకే పడిపోయింది.
పదకొండేళ్ల ఆట. బ్యాటు పట్టింది ఆరువందల పన్నెండుసార్లు.
హిట్లు నూటయాభై ఒకటి.
వెయ్యికి లెక్కేస్తే రెండువందల నలభై ఏడు.
"ఇప్పటి కుర్రాళ్లు రెండువందల ఎనభై కొడుతున్నారండీ"
అన్నాడు గుమస్తా, పెన్నుకి మూత పెట్టేస్తూ.
స్టేడియంలో గ్రౌండు తడిపే ఉద్యోగం.
ఒక్కటే ఖాళీ.

నేను జూట్ మిల్లులో కాటా గుమస్తాని.
ముప్పయ్యేళ్లు గోనె బేళ్లు తూచినవాణ్ణి.
అవతలి తట్టలో ఏ రాయి ఉందో చెప్పకుండా
ఇవతలి బరువు చెప్పకూడదు.

నెల్లిమర్లలో బేస్‌బాల్ ఏమిటని నవ్వకండి.
డ్రిల్లు మేష్టారు ఏదో క్యాంపుకెళ్లి
ఒక బ్యాటు, మూడు బంతులు, ఎడంచేతి గ్లవ్వొకటి తెచ్చారు.
మిగతా గ్లవ్వులు గోనెపట్టాతో మేమే కుట్టుకున్నాం.
చీపురుపల్లి, గజపతినగరం, సాలూరు, బొబ్బిలి,
చూస్తుండగానే ఎనిమిది జట్లు.
స్కోరు పుస్తకం నాకిచ్చారు,
తూకం రాసే చెయ్యి కదా అని.

ఆ రాత్రి అటక మీంచి పదకొండు పుస్తకాలూ దింపాను.
తవుడొక్కడి అంకె చాలదు,
అతని చుట్టూ ఆడిన అందర్నీ కూడాలి.

కోరాడ ఎర్రయ్య, పద్నాలుగుకి సున్నా.
చంపావతి ఇసుక లారీ దిగి తిన్నగా ఆటకొచ్చేవాడు,
కళ్లు నులుముకుంటూనే బ్యాటు పట్టేవాడు.
పతివాడ సన్యాసి, నలభైకి ఐదు.
అది లాకౌట్ నెల. గంజి మీద ఆడాడు.
రౌతు గౌరీశు, ముప్పై మూడుకి పదకొండు,
తర్వాతి పుట నుంచి పేరే లేదు.
సూరత్ అన్నారు. విజయవాడ అని కూడా అన్నారు.
తుఫాను ఏడాది
నానిన బంతి ఎంత కొట్టినా
చోడి ముద్దలా కాళ్ల దగ్గరే కూలబడేది.
ఆ ఏడు లీగంతా కలిపి నూట అరవై ఒకటి.
తవుడు రెండువందల ఇరవై నాలుగు.

తెల్లవారు షిఫ్టు సైరన్‌కి తేలింది.
పదకొండేళ్ల లీగ్ సగటు రెండువందల పద్దెనిమిది.
లోకం వంద అయితే తవుడు నూటపదమూడు.
రాయి దొరికింది!

మొయిద జంక్షన్ టీ బడ్డీలో చూపించాను.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
వీణ్ణి చాటలో పెట్టి పొరుగావిడకి
శేరు తవుడుకి అమ్మిందట తల్లి,
మృత్యువు కన్ను పడకుండా వెల తగ్గించి.
ఆ తవుడు, గ్లాసు పక్కన పెట్టి అడిగాడు:

"నాను ఎక్కువనీసి సెప్పడానికి
ఆళ్లందర్నీ తక్కువ సేసీసినావేటి బావూ?
ఎర్రయ్య కూడా ఉన్నాడా ఇందల?"
ఉన్నాడన్నాను.
"మరి నానో?"
నువ్వూ ఉన్నావన్నాను.
"అయితే ఇంకేటి,
నన్ను నాతోనే తూసీసినావు."

నవ్వాడు. కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.

ఒకటి మాత్రం అతనికి చెప్పలేదు.
మూడో పుస్తకంలో నా పేరుంది. ఇరవయ్యారుకి ఒకటి.
ఆ ఒక్కటీ బొబ్బిలి మీద.
షార్ట్‌స్టాప్ కాళ్ల సందులోంచి బంతి జారిపోయింది,
అది ఆ పిల్లాడి తప్పు, నా హిట్టు కాదు.
పరిగెత్తి వచ్చి, ఆయాసపడుతూ,
నా చేత్తో నేనే రాసుకున్నాను.

మొన్న రబ్బరుతో చెరిపి
మొత్తం మళ్లీ మొదట్నుంచీ కూడాను.
కదల్లేదు.
రెండువందల పద్దెనిమిదే.