తెల్ల ఇంకు లేదు

రాహెలో ఒకావిడ దగ్గర కొన్నాను దీన్ని.
ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు,
ఉన్ని మేజోడులో చుట్టి తెచ్చింది.
"ఆయన పిట్టల్నే తీసేవాడు, ఒక్కటీ కుదురుగా రాలేదు" అంది.
మేజోడు మాత్రం వెనక్కి తీసుకుంది.

అద్దం లోపల ఓ మూల ఆవగింజంత బూజు,
టార్చి వేస్తే తప్ప కనబడదు.
నేను రోజూ టార్చి వేస్తాను.

ఇన్నాళ్లూ కెమెరాతో పాటు వచ్చిన లెన్సే దిక్కు.
అందులో అందరూ పట్టేవాళ్లు:
మనిషి, మనిషి వెనక చెత్తడబ్బా,
దాని వెనక ఔలు వీధుల్లో నేను తిప్పే ఎనిమిదో నంబరు బస్సు.
ఇది అలా కాదు.
ఒక్క కనురెప్పని పట్టుకుంటుంది,
చెవి దాకా వచ్చేసరికి వదిలేస్తుంది.

మా వంటగది దీనికి చాల్లేదు.
ఇర్మెలి కాఫీ వంపుతుంటే తీద్దామని వెనక్కి జరిగాను, ఫ్రిజ్.
ఇంకాస్త జరిగాను, చెప్పుల గూడు.
చివరికి తలుపు తీసుకుని
మేజోళ్లతో మంచులోకి దిగాను.
అక్కణ్ణించి,
ముప్ఫై ఒక్కేళ్ల కాపురంలో మొదటిసారి
ఆమె ఎడమ కనుబొమ మధ్యలో
వెంట్రుక మొలవని సన్నటి దారి ఉందని చూశాను.
"తలుపెయ్యి, ఇల్లు చల్లబడిపోతోంది!"
ఆ 'తలుపె' దగ్గర నొక్కాను.

ఇక ప్రింటరు సంగతి.
ఏనుగుని ఊరికే ఇచ్చి చెరకు అమ్ముకునే వ్యాపారం అది.
వేరే చోటు లేక ఆవిరిగది పక్కన,
బట్టలు మార్చుకునే బల్ల మీద పెట్టాను.
శనివారం స్నానాలయ్యేసరికి
కాగితాలన్నీ వేయించిన అప్పడాలు.
గులాబీ ఇంకు గొంతులో ఎండిపోయి
మా బావమరిది యోర్మా పచ్చిదోసకాయ రంగులో బయటికొచ్చాడు.
శుభ్రం చేసుకోమని మీట నొక్కితే
ఆ శుభ్రానికే సగం డబ్బా తాగేసింది.
ఇర్మెలి లెక్కకట్టి క్యాలెండరు మీద రాసింది:
బొమ్మకి నాలుగు యూరోల ఇరవై.
కింద రెండు గీతలు.

ఒక రాత్రి గడ్డకట్టిన సముద్రాన్ని అచ్చేస్తూ
డబ్బాలు లెక్కపెట్టాను.
నలుపుంది, నీలముంది, పసుపుంది,
తెలుపు లేదు.
ఈ యంత్రానికి మంచు వెయ్యడం రాదు.
మంచున్న చోట నోరు మూసుకుని దాటిపోతుంది, అంతే.
మా నాన్న కూడా అలాగే,
మెచ్చుకోవాల్సిన చోట.

మంచుకి కన్నం చేసి వల లాగే ఉర్హోని
ఈ లెన్సుతోనే తీశాను.
గడ్డంలో గింజలు గింజలుగా మంచు, ఒక్కోటీ విడివిడిగా.
మూడోసారికి రంగు కుదిరింది.
పెద్ద కాగితం. పట్టుకెళ్లి ఇచ్చాను.
చాలాసేపు చూశాడు.
బొటనవేలితో అంచు తడిమాడు.
"దళసరి కాగితం" అన్నాడు.

మార్చిలో అతని చేపల షెడ్డులోకి వెళితే
మేకుకి వేలాడుతోంది, మొహం గోడవైపు.
వీపు మీద పెన్సిలు రాత:
ఫిబ్రవరి తొమ్మిది, పదకొండు కిలోలు.
పన్నెండు, ఏమీ లేదు.
పదమూడు, గాలి.

ఆ రోజంతా బ్రేకులు గట్టిగా వేశాను.
ఓ ముసలమ్మ సంచిలోంచి బంగాళాదుంపలు దొర్లాయి.

వారం ఆగి అడిగేశాను,
బొమ్మ అలా తిప్పి పెట్టావేమని.
ఉర్హో వల ముడి విప్పుతూ తలెత్తలేదు.
"ముందువైపు నాకు తెలిసిందే కదా."
కాసేపటికి మళ్లీ,
"అది నిండిపోయింది. ఇంకోటుందా?"

ఇవాళ అచ్చేస్తున్నాను.
యంత్రం ఇటూ అటూ తిరుగుతోంది,
తలుపు దగ్గర ఇర్మెలి చేతులు కట్టుకుని
నాలుగు ఇరవై, నాలుగు ఇరవై అంటోంది.
ఈసారి చుట్టూ అంచు
నాలుగు వేళ్ల వెడల్పు వదిలాను.
ముందువైపు కూడా
రాసుకుంటాడేమోనని.