కుడి చెయ్యి

బండబర్గ్ క్లినిక్‌లో ఫారం నింపుతోంది నర్సు మరీన్.
"జుట్టు రంగు?"
టోపీ తీశాడు క్లెమ్ హాలరన్.
"ఉన్నప్పుడు ఎరుపు."

"ఎండకి కందుతారా, నల్లబడతారా?"
"కందడమే. ఉల్లిపొరలా ఊడొచ్చేది చర్మం.
ఎవరి పొర పొడుగ్గా వస్తుందోనని
నేనూ తమ్ముడూ పందెం వేసుకునేవాళ్ళం."

నలభై ఏళ్ళు చెరకు లారీ.
అద్దం దించి, కిటికీ మీద మోచెయ్యి.
ఇప్పుడు కుడి చెయ్యి
ఎడమదానికి పెద్దన్నలా ఉంది.

"ఇంట్లో ఇంకెవరికైనా?"
ఇక్కడ ఆగాడు.
నాన్న చెవి మీద పులిపిరి అన్నారు.
మూడో ఏడు చెవి లేదు,
నాలుగో ఏడు నాన్న లేడు.
పులిపిరి అనే అన్నారు చివరిదాకా.

"మరి వీపు?"
"ఏమో. చూసేది బెరిల్.
తను పోయి ఆరేళ్ళు."

చొక్కా విప్పాడు.
తనెన్నడూ వెళ్ళని ఊరది.
ఆమె దీపం పట్టుకుని సందు సందూ తిరిగింది.
భుజం కింద ఒకచోట నిలబడి
కొలబద్ద ఆనించింది.

"పుట్టుమచ్చేగా?"
"పుట్టింది కాకపోవచ్చు.
ఎండ పెట్టిందేమో.
డాక్టరు ముక్క తీసి చూస్తారు."

గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు, తప్పు కాజాల్లో.
"ఇంకో ఫారం ఇవ్వమ్మా, తమ్ముడికి.
పందెంలో
ఎప్పుడూ వాడే గెలిచేవాడు."