మూడు కలవకుండా

చీమకుర్తి నుంచి రామతీర్థం పోయే దారిలో
కొండని కోసి ఓడలకెక్కించగా మిగిలిన ముక్కలు
ట్రాక్టర్ లెక్కన అమ్ముతారు.
మా వసారాకి అవే చాలన్నాను.

కాలేషా మేస్త్రి షరతు ఒక్కటే:
"ఒక రంగువి మూడు ఒకచోట తగలకూడదు టీచరమ్మా,
తగిల్తే మచ్చలా కనబడిద్ది."

లెక్కల టీచర్ని కదా, కాయితమ్మీద గీశాను.
ముక్క ముక్కకీ రంగు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి,
ఎన్ని రకాలుగా పరవొచ్చో చూస్తే
ఆ అంకె వెనక సున్నాలు
మా వీధి దాటి ఒంగోలు బస్సెక్కేశాయి.

పొద్దున అతను ఆ కాయితం చూడనే లేదు.
గంప పక్కన పెట్టుకుని, అటు తిరిగి కబుర్లు చెబుతూ
చేతికేది తగిలితే అది పరిచాడు,
సిమెంటు లేకుండా, ఉత్త ఇసక మీద.
గంటలో వసారా నిండింది.
తప్పులూ నిండాయి.
గడప దగ్గరే మూడు గెలాక్సీ ముక్కలు,
నల్లటి ఒంట్లో బంగారు నలుసులు మెరుస్తూ.

"ఏరి పరవొచ్చుగా?"

"ఏరితే ముందు బాగానే ఉంటది.
ఆ మూలకి పోయేసరికి గంపలో నల్లవే మిగుల్తయ్.
అప్పుడు యాడికి పోతాం?"

ఆ మూడూ తీశాడు. ఆ మూడే.
గంపలో పడేసి కుదిపి, చూడకుండా వేరే మూడు పెట్టాడు.
నల్ల మచ్చ పోయింది, పక్కనే ఎర్ర మచ్చ లేచింది.
దాన్ని తీస్తే కుళాయి వైపు బూడిదరంగుది.
ఇక తెల్లార్లూ ఇంతే అనుకున్నాను.
నా బుర్రలో తప్పు తప్పుని కంటూ
గేటు దాటి పొగాకు బ్యారన్ల దాకా పోయింది.

కూలికొచ్చిన చెంచమ్మ గోడ మీద సుద్దతో గీస్తోంది,
తీసి పెట్టిన ప్రతిసారీ ఒక గీత,
ఏ మచ్చ తీస్తే ఏది లేచిందో తల్లి కింద పిల్లలా.
గీతకి రెండు రూపాయలు జాస్తి, అదీ బేరం.

సంగటి తినే వేళకి గీతలు ఆగిపోయాయి.
వసారా అంతటినీ ఒక్కసారి కూడా
ఎవరూ నిలబడి చూడలేదు.

రాత్రి ఆ గోడ ముందు కూర్చున్నాను.
ఒక్కో మచ్చకీ పొరుగు నాలుగైదు ముక్కలే,
గీతకి పట్టే మాట అంత చిన్నది.
కానీ గీత గీతకీ గంపలో మూడు మునకలు.
ఈ గోడా, ఆ నేలా పక్కపక్కన పెట్టి
చివర్నుంచి వెనక్కి చదివితే
అతని చేతికి తగిలిన ప్రతి రాయీ చెప్పెయ్యొచ్చు.
అంటే, ఈ పని ఆగకుండా సాగితే
గంపెడు గుడ్డితనం
గుప్పెడు సుద్దలో పట్టెయ్యాలి.
పట్టదు.
అందుకని ఆగింది.

లేచి లైటు ఆర్పబోతూ మళ్ళీ చదివాను.
ముప్పై ఏడు గీతలు. డెబ్బై నాలుగు రూపాయలు ఇచ్చేశాను.
అందులో రెండిటికి తల్లి లేదు,
కింద రాళ్ళూ లేవు.

సిమెంటు పోసే రోజు అడుగుదామనుకున్నాను.
చెంచమ్మ తడిగుడ్డతో గోడ తుడవబోయింది.
ఉండనీ, అన్నాను.