మచ్చకాయ

మిర్చి యార్డులో మధ్యాహ్నం రెండింటికి
ఒళ్లో ఫోను మోగింది.
చేతులు రెండూ కారంలో ఉన్నాయి.
మోచేత్తో ఎత్తాను.

"నమస్కారం" అంది ఒక ఆడగొంతు,
ఊపిరి తీసుకోని గొంతు.
"ప్రభుత్వ వైద్యసేవలపై మీ అభిప్రాయం.
సంతృప్తి అయితే ఒకటి నొక్కండి.
అసంతృప్తి అయితే రెండు."

అభిప్రాయమా తల్లీ?
తాలు ఎంత తేలిందని మేస్త్రీ అడుగుతాడు,
బియ్యం ఎన్నున్నాయని కోడలు అడుగుతుంది.
నలభై తొమ్మిదేళ్లకి
అభిప్రాయం అడిగింది నువ్వే.
కాస్త ఆగు, చెబుతా.

మా మస్తాన్‌రావు గుండెలో రెండు స్టెంట్లున్నాయి.
రూపాయి కట్టలేదు. అబద్ధమాడితే కళ్లు పోతాయి.
టిక్కీలు మోసే మనిషి,
లారీ పక్కన కూలబడి నీలంగా తిరిగిపోయినవాడు,
ఇవాళ కూరలో ఉప్పు లేదని కంచం తోస్తున్నాడు.
ఉప్పు తగ్గించమంది డాక్టరేనయ్యా అంటే వినడు.
ఆ తోసిన కంచానికి ఒకటి నొక్కాలి.

కానీ ఆ రాత్రి కొత్తపేటలో
ఆటోలో పడుకోబెట్టుకుని మూడు ఆసుపత్రులు తిరిగాం.
ఒకచోట కార్డు చూశాక మంచాలు లేవన్నారు.
ఇంకోచోట, పాత బకాయిలు రాలేదు,
కార్డు మీద చూడటం ఆపేశామన్నారు.
బాకీ సర్కారుది,
చెమటలు మావాడివి.
మూడోచోట లోపలికి తీసుకుని
అనుమతి రావాలి, కూర్చోమన్నారు.
ఎక్కణ్ణుంచి నడిచొచ్చిందో ఏమో,
పాలప్యాకెట్ల బండి వెళ్లిపోయాక వచ్చింది.
దీనికి రెండేగా?

కార్డు నాలుగుసార్లు మార్చారు.
రంగు మారింది, పేరు మారింది, పైన బొమ్మ మారింది.
మావాడి ఫొటో మాత్రం
అప్పుడూ ఇప్పుడూ దొంగోడి ఫొటోలాగే ఉంది.

నెలకోసారి మాత్రలకి పెద్దాసుపత్రికి పోతా.
ఐదు రకాలు రాస్తే మూడిస్తారు.
మిగతా రెండూ ఎదురుషాపులో ఎప్పుడూ ఉంటాయి, అదేం చిత్రమో.
చీటీకో లైను, డాక్టరుకో లైను, మందులకో లైను.
ఉచిత వైద్యానికి నాకయ్యే ఖర్చు ఒకరోజు కూలి.
అయినా, ఆ చిన్న డాక్టరమ్మ
పొద్దుటి ఇడ్లీ మూడింటికి నిలబడి తింటూ
"తాతా, బీడీ మానేశావా లేదా" అని గదిమింది చూడు,
ఆ పిల్లకి ఏ నంబరు నొక్కను?

నాగూర్‌బీ నా పక్కనే తొడాలు తీస్తుంది.
పదహారేళ్ల దగ్గు తనది. నాది పదకొండేళ్లది.
మా దగ్గు జాబితాలో లేదంట.
కోస్తేనే జబ్బు, కుట్లేస్తేనే డబ్బు.
రోజుకింత ఊపిరి తరిగేవాళ్లకి
ఆ కాగితంలో గడి గీయలేదు.
నన్నడిగితే,
సాయంత్రం ఏడింటికి, యార్డు గేటు పక్కన,
ఒక బల్ల, రెండు కుర్చీలు, గొట్టం మెళ్లో వేసుకున్న ఒక మనిషి.
మా కూలి పోకుండా మా దగ్గు వినేవాడు.
దానికి ఎవరి పేరైనా పెట్టుకోండి.
బొమ్మ కూడా వేసుకోండి, మేం చూడం.

"మీరు ఏ అంకె నొక్కలేదు" అంది గొంతు.

ఇదిగో, నా ముందు రెండు కుప్పలు.
ఎర్రది మేలు, తెల్లది తాలు.
నడుమ కొన్ని వస్తాయి
సగం ఎరుపు, సగం పాలిపోయి. మచ్చకాయలు.
ధర ఉన్నరోజు మేల్లో వెయ్యమంటాడు మేస్త్రీ,
ధర పడ్డరోజు తాల్లో.
కాయ అదే కాయ.
నీ దగ్గర మూడో అంకె ఉందా?

కొంగుతో వేలు తుడిచాను. కారం అంత తేలిగ్గా పోతుందా.
కళ్లలో నీళ్లు, అంకెలు అలికినట్టున్నాయి.
ఎక్కడో నొక్కాను.
"ధన్యవాదాలు" అని పెట్టేసింది.
అద్దం మీద ఎర్రటి వేలిముద్ర,
ఒకటికీ రెండుకీ నడుమ.

ఎవరే అంది నాగూర్‌బీ.
గవర్నమెంటు.
ఏంటంట?
బాగున్నారా అంట.
నవ్వబోయి దగ్గింది.
ఆ దగ్గు ఆగేదాకా
ఆవిడ కుప్పలోవి కూడా నేనే తీశాను.