కూడికలో తప్పు

బంగారుపాళ్యం మామిడి మండీలో
తూకాలు రాసుకున్న రేకు అది.
పోయిన సీజను బొగ్గుగీతలు, నావే.
బెంగుళూరు పిల్లోడొకడు వచ్చి
పాత ఇనుము రేటుకు ఎత్తుకుపోయినాడు.

చూడను పోతే
తెల్లగోడ మీద, గాజు వెనకాల, దానికో లైటు.
ఎవరో పెద్దాయన దాన్ని గురించి రాసినాడంట.
అది చదివి ఇంకొకాయన కొన్నాడంట.
ఆయన కొన్నాడని
మిగిలినోళ్ళకు నిద్ర పట్టలేదంట.
ఓహో,
తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టే బేరమే!
వీళ్ళ గుడ్డ పట్టుది, అంతే.

మూడో వరుసలో కూడిక తప్పింది సార్,
చెరిపి రాస్తానన్నా.
అయ్యయ్యో, ముట్టుకోవద్దన్నారు.
ఆ తప్పుకే అంత రేటంట.

ఆ వరుస కుప్పమ్మది.
తోతాపురి, ఏడు క్రేట్లు.
నూటనలభై
ఇంకా ఆమెకు బాకీ.