వంతు నీరు

మా నాన్న లస్కరు.
పద్నాలుగు తూముల తాళాలు ఆయన మొలతాడుకి వేలాడేవి.
దాళ్వాలో కాలవ సన్నబడితే వంతులు పడేవి:
రెండ్రోజులు ఎగువకి, రెండ్రోజులు నడిమికి,
మిగిలింది శివారుకి.
మిగిలేది కాదు.

నా దగ్గర తాళాల్లేవు.
ముమ్మిడివరంలో మేడమీద గది,
వైఫై అందే ఒకే ఒక్క మూల, అందులో కుర్చీ.
ఆన్‌లైన్ బీకాం, మూడో ఏడాది,
అరవై నాలుగు పేర్లు, పదమూడు జట్లు.
తెర మీద అన్నీ నల్లటి గళ్ళే.
"వినపడుతోందా అమ్మా" అంటే
ఓ గడిలోంచి కోడి కూసింది.
ఆ రోజుకి అదే హాజరు.

జట్లు నేనే వేశాను.
వాళ్ళకి వదిలేస్తే అమలాపురం వాళ్ళు అమలాపురం వాళ్ళతో,
బండి ఉన్నవాడు బండి ఉన్నవాడితో పోతారు.
చివరికి నలుగురు మిగులుతారు,
రాశి పక్కన ఏరి పారేసిన గుల్లకాయల్లా.

తొమ్మిదో జట్టుకి కొబ్బరి లెక్క ఇచ్చాను.
కాయ చెట్టు దిగిన దగ్గర్నుంచి
అంబాజీపేటలో లారీ ఎక్కేదాకా
ఏ చేతిలో ఎంత ఆగుతుందో తేల్చాలి.
చక్రధర్ నాయకుడు, తనంతట తనే.
నా మాట పూర్తికాకుండానే "ఓకే మేడమ్".
నసీమా మందులషాపు కట్టేశాక
రాత్రి పదకొండింటికి పట్టికలు గీస్తుంది.
కాశీరత్నం ఒళ్ళో పిల్లాడు,
వాడు నొక్కిన అక్షరాలూ రిపోర్టులో ఉన్నాయి,
ఏడో పేజీలో, వరసగా పదహారు జ-లు.
సువార్తది లంక. ఇంటికంతటికీ ఒకటే ఫోను,
అదీ తమ్ముడు పడుకున్నాకే చేతికొస్తుంది.
అయిదోవాడు పోతురాజు.
ఒక్క మీటింగుకీ రాలేదు.
చక్రధర్ మూడుసార్లు ఫిర్యాదు పెట్టాడు,
మూడోదాంట్లో వాక్యం కన్నా ఆశ్చర్యార్థకాలే ఎక్కువ.

గడువు ముగిసిన రాత్రి అందరికీ ఒకటే ప్రశ్న పంపాను:
పనిలో నీ వంతెంత, నూటికి?
చక్రధర్ అరవై అన్నాడు.
నసీమా యాభై.
కాశీరత్నం నలభై, కాసేపాగి "పోనీ ముప్పై అయిదు".
సువార్త పాతిక.
కూడితే నూట డెబ్భై.
కాలవ మీదా ఇంతేనట, నాన్న అనేవాడు,
రైతులు చెప్పిన ఎకరాలన్నీ కలిపితే
సముద్రంలో కూడా నాట్లెయ్యాలి.

పోతురాజు రాశాడు: సున్నా అండి.

ఫోన్ చేశాను. పొద్దువాటారుతోంది.
అవతల టక్. పీచు చీరుకుపోతున్న చప్పుడు. మళ్ళీ టక్.
గునపం మీద కాయ.
"మీటింగు టైముకి ఒలుపులో ఉంటానండి,
చేతులు ఖాళీ ఉండవు.
ఆయ్, నేనేం చెయ్యలేదండి.
సువార్తగారు అడిగితే రేట్లు చెప్పానంతే."

రిపోర్టు మళ్ళీ తెరిచాను.
దింపుకి చెట్టుకింత, ఒలుపుకి వెయ్యికింత,
వందకి కొసరు పోయే కాయలెన్ని,
వాన పడితే మోతకూలీ ఎందుకు పెరుగుతుంది.
నసీమా గీసిన గళ్ళు, సువార్త దింపిన మాటలు,
లోపలి అంకెలన్నీ అతనివే.
ఇరవై రెండు పేజీలు.
పేరు ఎక్కడా లేదు.
చివర ఆధారాల కింద, నాలుగో వరసలో,
"ఒక స్థానిక కార్మికుడు".

ఆ మూడు మాటల్నే చాలాసేపు చూస్తూ కూచున్నాను.
కాలేజీ ఇచ్చిన మార్కుల పట్టీలో
హాజరుకో గడి, స్లైడ్లకో గడి, మాట్లాడినందుకో గడి.
కాయ ఒలుస్తూ చెప్పినదానికి గడి లేదు.

చక్రధర్ని తిట్టలేదు.
అతను తరమకపోతే ఆ ఫైలు నా దాకా వచ్చేదే కాదు, అదీ నిజమే.
నాలుగో వరస కొట్టేసి
మొదటి పేజీలో అయిదు పేర్లతో మళ్ళీ పంపమన్నాను.
"ఓకే మేడమ్" రావడానికి
ఈసారి ఓ రాత్రి పట్టింది.

నాన్న టార్చి పట్టుకుని గట్టమ్మట పోయేవాడు.
చిట్టచివరి మడి దగ్గర చెప్పు విప్పి
లోపల పాదం పెట్టేవాడు.
తడిస్తేనే పుస్తకంలో టిక్కు.
ఎగువవాళ్ళ మాట మీద ఎన్నడూ రాయలేదు.

వచ్చే సెమిస్టరుకి జట్లు పదిహేను.
ఫోన్ నంబర్లు ముందే రాసిపెట్టుకున్నాను,
జాబితా అడుగు నుంచి పైకి.