అరవైలోంచి ఇరవై రెండు

పుస్తకంలో ఎలా ఉందో అలాగే రాశాను,
నా తప్పేమీ లేదనుకున్నాను:
ఒకాయనకు అరవై ఆవులు.
ఇరవై రెండు పోయాయి.
మిగిలినవెన్ని?

నల్లబల్ల మీంచి సుద్ద ఇంకా ఎత్తనేలేదు,
మూడో వరసలోంచి చెపొటెలో గొంతు:
"ఎటు పోయాయి, మ్వాలిము?"

మాది సముద్రపొడ్డు.
మా వైపు పోయేవి పడవలు,
తీసుకుపోయేది గాలి.
గాలి మీద పగ తీర్చుకోవడం ఎవరికీ రాదు.
అందుకేనేమో, ఈ తుర్క్వెల్ గట్టుకు బదిలీ మీద వచ్చి నాలుగేళ్ళయినా
పోవడం అనే క్రియకు
ఇక్కడ ఒక కర్త ఉంటాడని నాకు తట్టలేదు.

ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ నది ఒట్టి ఇసుక.
ఇటు పొకోట్‌లు, అటు తుర్కానాలు.
పగలు పుస్తకాల సంచులు దాటుతాయి,
రాత్రి గిట్టలు.
గిట్టల వెనక ఏముంటాయో
పిల్లలు నాకంటే బాగా బొమ్మ గీస్తారు,
ట్రిగ్గర్‌తో సహా.

ఎవరో కిసుక్కుమన్నారు.
"అమ్ముకున్నాడేమో" అన్నారింకెవరో.
ఆమె కూర్చోలేదు.
"మా నాన్న ఆవుల్ని అంకెల్లో చెప్పడు" అంది.
"బూడిదరంగుది,
చెవి చీలినది,
కడుపు మీద మచ్చ ఉన్నది,
తెల్లగొంతుది..."
ఇరవై రెండూ చెప్పింది.
ఇరవైమూడోది మా మేనమామ, అంది.
తిరిగొచ్చింది ఆయన టైరు చెప్పు ఒక్కటే.

లెక్కల పీరియడ్‌లో అంత నిశ్శబ్దం
నేనెప్పుడూ కేకలేసి కూడా సంపాదించలేదు.

కిటికీ పక్కన ఏకల్.
వాళ్ళన్న పెళ్ళి ఆ ఏడే అయిందని బడంతా తెలుసు.
ఓలిగా ఇచ్చిన మంద ఎక్కడిదో కూడా.
ఓలికి పోగా శేషం వాళ్ళ దొడ్లోనే ఉంది.
వాడు లేవలేదు.
బల్ల మీది గీతని గోటితో తవ్వుతూ
బల్లకే చెప్పాడు:
"తెల్లగొంతుది పోయిన వారం ఈనింది."

నేను గంట కొట్టేవాడి వైపు చూశాను.
నిజం చెప్పొద్దూ, పారిపోదామనే.

చెపొటెలో చాలాసేపు నిలబడే ఉంది.
ఆపైన, సంతలో ధర అడిగినట్టు:
"పెయ్యా, కోడెదూడా?"
"పెయ్య."
కూర్చుంది.

అంతే. వాళ్ళు చేతులేం కలపలేదు.
వానలు పడేదాకా
ఒకరి నీడ మీంచి ఒకరు తప్పుకునే నడిచారు.
ఈలోగా పట్నం నుంచి ఒక బండి వచ్చింది,
శాంతి అని పెద్దక్షరాల గుడ్డ కట్టి
పిల్లలకు టోపీలు పంచి
ఫొటో దిగి వెళ్ళింది.
గుడ్డ గట్టిది. ఇప్పుడు మేకల పాక కారడం లేదు.
అదీ మంచిదే.

నేను మాత్రం ఆ రోజు లెక్క చెరపలేదు.
సున్నాలోంచి రెండు పోదు,
పక్క నుంచి అప్పు తెచ్చుకోవాలి
అని, పదకొండేళ్ళుగా నిద్రలో కూడా చెప్పగలిగే మాట
పక్క అనే చోట తడబడింది.
"ఇవ్వకపోతే?" అన్నాడు వెనక బెంచీ లొమూకే.
పుస్తకంలో పక్కవాడు ఎప్పుడూ ఇస్తాడు.
"ఇచ్చేదాకా లెక్క ఆగుతుంది" అన్నాను.
ఇంకేం చెప్పాలో నాకూ తెలియలేదు.

ఏడాది పరీక్షలో మళ్ళీ అదే ఇచ్చాను, కావాలనే.
అందరూ ముప్పై ఎనిమిది వేశారు.
ఆమె కూడా.
కింద గీత కొట్టి, చిన్న అక్షరాల్లో:
నదికి అవతల ఒక పెయ్య.
దానికింకా పేరు పెట్టలేదట.

ఆ చివరి 'ట' దగ్గర
నా ఎర్రసిరా ఆగిపోయింది.
ఎవరినో అడిగితే తప్ప
రాని అక్షరం అది.